ముప్పై రెండు బైట్లు

కాశీనగర్ బస్టాండు వెనక మా మోటారు వైండింగు కొట్టు.
వార్నీషు వాసన.
మాడిపోయిన కాయిళ్లు సుత్తితో ఊడగొట్టే చప్పుడు.
అక్కడికి బనమాలి రెండు బుల్లి బోర్డులు తెచ్చాడు,
అగ్గిపెట్టెలో ఒకటి, మందుబిళ్లల డబ్బాలో ఒకటి.
"నానీ, తీగ లేకుండా వీటికి మాటలు నేర్పుదాం."
నానీ అంటే వాళ్లలో అక్క,
మాలో పాలు తాగే పిల్లాడి ముద్దుపేరు.
నలభై మూడేళ్లదాన్ని. రెండింటికీ పలుకుతాను.

పని చిన్నదే.
తూములో నీళ్లు పడితే ఇంట్లో తెలియాలి.
వంతు నీళ్లు రాత్రే వస్తాయి, దొంగల్లా.
ఇన్నాళ్లూ సింహాద్రి మావయ్య
గట్టు మీద దుప్పటి ముసుగేసుకుని కూర్చుని
టార్చి మూడుసార్లు వెలిగించి ఆర్పేవాడు.
ఈ ఏడు ఆయన మోకాళ్లు
ఇంక గట్టెక్కమన్నాయి.

వారం రోజులు రెండూ మూగవే.
ఒకే బల్ల మీద, జానెడు ఎడంలో,
పంపేశానంటుంది ఇది,
ఏదీ రాలేదంటుంది అది.
చానలు ఒకటే, చిరునామా ఒకటే.
బనమాలి ప్రోగ్రాం మొత్తం చెరిపి మళ్లీ రాశాడు.
చివరికి, అందులో ముక్క తెలియని నేనే
కరెంటు కాళ్ల మధ్య
పెసరగింజంత కెపాసిటరు అతికించాను,
ఎత్తుకోలేక మూలిగే మోటారుకి పెట్టినట్టే.
గుక్క తిప్పుకుంది.
సున్నా అంది. ఒకటి అంది. సున్నా. ఒకటి.

ఒకటీ సున్నా ఎవరిక్కావాలి,
మాటే పంపరా అన్నాను.
నీళ్లొచ్చాయి.

తెర మీద పడింది:
నీళ్లొచ్చా
ఆ పక్కన నల్లటి డైమండు గుర్తు,
దాని కడుపులో తెల్లగా ఒక ప్రశ్న.

ఒక మూటలో పట్టేది ముప్పై రెండు బైట్లట.
ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటుతో సరిపెట్టుకుంటుంది.
మనది మూడు అడుగుతుంది.
గుడికి మూడు, దీర్ఘానికి మూడు,
ఒత్తుకైతే ఏకంగా ఆరు.
వార్నీషు వేళ్ల మీద లెక్కేశాను,
పన్నెండు మూళ్లు ముప్పై ఆరు.
'య'ని నడుం దగ్గర కోసేసింది మూట.
చెప్పిన మాట కాస్తా అడిగిన మాటయింది.

"రెండు మూటలు కడదాం నానీ."
ఆగు, నీ మాట వేసి చూడు.
పాణి ఆసిలా.
గొడుగులేసుకున్న ఆ అక్షరాలకీ మూడేసే,
వాళ్ల గుడికీ మూడే.
తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు,
నడుమ ఖాళీకి ఒకటి.
మాకు చాలనివి నాలుగు,
వాళ్లకి మిగిలినవి నాలుగు.
బనమాలి నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
పెద్ద తగవు ఏదో
మాకు తెలియకుండానే తేలిపోయినట్టు
ఇద్దరం టీ తాగాం.

తూము దగ్గర నూనె డబ్బాలో బోర్డు పెట్టాం,
తేలడానికి పాత హవాయి చెప్పు ముక్క,
దానికో అయస్కాంతం.
మా రేకుల కప్పు మాటలు మింగేస్తోందని
ఇంటి బోర్డుని వెదురుగడకి కట్టాం.
అయినా వందలో పాతిక దారిలో పోతాయి,
వంశధార గాలి ఎటు మోసుకుపోతుందో.
అందిందని జవాబు వచ్చేదాకా
మళ్లీ మళ్లీ చెప్పమన్నాం.

రాత్రి రెండుంబావు. కీచుమంది.
మావయ్య లేచి కూర్చున్నాడు.
సంతలో ఒడియా దంచేస్తాడు గానీ చదవలేడు.
"ఏటి రాసుందే?"
"పాణి ఆసిలా, మావయ్యా."
తలగడ కింద చెయ్యి పెట్టి టార్చి తీశాడు.
గుమ్మంలో నిలబడి గట్టు వైపు
మూడుసార్లు వెలిగించి ఆర్పాడు.
"అక్కడెవరున్నారు మావయ్యా?"
"ఎవరూ లేరు. అందిందని చెప్పొద్దేటి మరి, దానికి?"

అందిందని ఇది ముందే చెప్పేసిందని,
రెప్పపాటు కూడా పట్టలేదని
నేను అనలేదు.
పార ఎక్కడ పెట్టానో
చీకట్లో తడుముకుంటున్నాను.